బాణాన్ని తిప్పు, బొమ్మను కాదు

2002 మార్చి 9, శనివారం

ఇవాళ పొద్దున్న మొదటి వింత: పదమూడేళ్ల పని దాచుకున్న డిస్కును లోపల పెడితే కంప్యూటర్ అది ఖాళీ అంది. "ఈ డిస్కు ఫార్మాట్ చేసి లేదు. ఇప్పుడు చేయమంటారా?" కింద రెండు గళ్లు. అవును. కాదు.

మా ప్రొఫెసర్ డాక్టర్ మునీఫ్ నా భుజం మీదుగా వంగి, "అవునని నొక్కేయ్, ఏమవుతుందో చూద్దాం" అన్నాడు. ఆయన నోట్లో పొద్దుతిరుగుడు గింజలు. తొక్క ఒకటి ఎగిరి నా చేతి మీద పడింది, తడితడిగా.

నేను కాదని నొక్కాను. నా వేలికి నాకంటే తెలివి ఎక్కువ అనుకున్నాను.

పని ఇది. మా ఫార్మసీ ఫ్యాకల్టీకి మందు మొక్కల వెబ్‌సైటు వస్తోంది. దేశంలో ఇలాంటిది మొదటిదట. మొక్కల్లోని పదార్థాల అణువుల బొమ్మలు మూడు వందల పన్నెండు ఉన్నాయి. అన్నీ ఎనభైతొమ్మిదిలో ఏదో విదేశీ సంస్థ ఇచ్చిపోయిన పాత మెకింటాష్‌లో గీసినవి. వాటిని ఆ పెట్టెలోంచి ఈ పెట్టెలోకి తెచ్చి, వెబ్ పేజీలో తేలిగ్గా తెరుచుకునే చిన్న బొమ్మలుగా మార్చాలి. ఏప్రిల్ పదిహేనున ప్రారంభం. నాలుగో ఏడాదిలో నాదే మొదటి ర్యాంకు కాబట్టి నన్ను పిలిచాడు.

"ఇది చేసిపెట్టు లమీస్, పై చదువు సీటుకి నీ పేరు నా చేత్తో నేనే రాస్తాను" అన్నాడు.

గది గురించి రాయాలి. కీబోర్డు మీద జిడ్డు పొర. మీట నొక్కితే వేలు అంటుకుని లేస్తుంది. పరీక్షలకు వాడే గాజు బీకరులో ఆయన ఉమ్మిన తొక్కలు సగం దాకా ఉన్నాయి, అడుగున గోధుమరంగు నీరు. తాతయ్య నిఘంటువులో ఇలాంటి వాటికి బోలెడన్ని మాటలున్నాయని ఇంటికొచ్చి చూశాను. రోత, చీదర, వెగటు, కంపరం, ఏవగింపు. ఒక్కోదాని రుచి వేరు. ఇవాళ్టిది చీదర.

మార్చి 10, ఆదివారం

ఆ బొమ్మలు గీసినావిడను కలిశాను. మదామ్ సిరానుష్. నేలమాళిగలో చివరి గది. జూన్‌లో రిటైరవుతుంది. ఆర్మేనియన్. ఈ అలెప్పో ఊళ్లోనే పుట్టింది, అరవై ఏళ్లుగా ఇక్కడే ఉంది, అయినా ఆడా మగా తారుమారు చేసే వాళ్ల అరబిక్ ఆవిడ నోట ఇంకా పోలేదు.

తలుపు తోయగానే పాత మెకింటాష్‌తో అంది: "లేవవే తల్లీ, లమీస్ వచ్చాడు."

నన్ను మగపిల్లాణ్ని చేసేసరికి నవ్వు ఆపుకోలేకపోయాను. ఆవిడా నవ్వింది.

"నవ్వుకో బిడ్డా. మా ఆయన చచ్చేదాకా నవ్వింది. డాక్టర్ మునీఫ్ ఏమంది? డిస్కు ఖాళీ అందా?"

"కంప్యూటర్ అంది మదామ్. ఆయన అవునని నొక్కమన్నాడు."

ఆవిడ ముఖం తెల్లబడింది. "నొక్కలేదు కదా?"

"లేదు."

"బతికించావు. మీ పెట్టె డిస్కును ఒకే వేగంతో తిప్పుతుంది. నా పెట్టె లోపలికి పోయేకొద్దీ వేగం మారుస్తుంది. అందుకే మీదానికి నాది అర్థం కాదు. అర్థం కానిదల్లా ఖాళీయే అనుకుంటుంది." టీ పోసింది, పుదీనా వేసి. "జమీలియా పేటలో పెళ్లికార్డులు అచ్చేసే కొట్టుంది. వాళ్ల దగ్గర కొత్త మెకింటాష్ ఉంది. అది నా డిస్కు చదువుతుంది, మీ డిస్కు మీద రాస్తుంది. సిరానుష్ పంపాడు అని చెప్పు."

ఆవిడ గది శుభ్రంగా ఉంది. సబ్బు వాసన. ప్రతి బొమ్మనూ ముందు ట్రేసింగ్ కాగితం మీద పెన్సిలుతో గీసి, తర్వాతే కంప్యూటర్లో గీస్తుందట. కాగితాలన్నీ ఇంట్లో ఉన్నాయట.

మార్చి 12, మంగళవారం

పెళ్లికార్డుల కొట్టులో బొమ్మలు మా డిస్కుల్లోకి మారాయి. తెచ్చి ఇక్కడ తెరిస్తే ఆల్ఫాలన్నీ a అయ్యాయి, బీటాలన్నీ b అయ్యాయి. గ్రీకు అక్షరాల అచ్చు ఈ పెట్టెలో లేదు. డిగ్రీ గుర్తున్న చోటల్లా ఏదో పిచ్చి గుర్తు. మూడు వందల పన్నెండూ చేత్తో దిద్దాలి.

దిద్దుతాను.

మార్చి 14, గురువారం

వెబ్ కోసం బొమ్మను చిన్నది చేస్తే, అణువు కొమ్మల్ని చూపే సన్న ముక్కోణాల్లో గీతల చీల నల్ల చీలలా అలుక్కుపోతోంది. ఇది చిన్న విషయం కాదు. నల్ల చీల అంటే ఆ కొమ్మ మన వైపు పొడుచుకొచ్చినట్టు, గీతల చీల అంటే కాగితం వెనక్కి పోయినట్టు. మదామ్ చూసి, "ముందు గీతల మధ్య ఎడం పెంచు, తర్వాత చిన్నది చెయ్" అంది. సరిపోయింది.

ఆవిడ ఎడమ కంట్లో పొర వస్తోంది. బొమ్మను చూడాలంటే తెరకు ముక్కు ఆనిస్తుంది. కానీ తప్పు ఎక్కడుందో నాకంటే ముందు ఆవిడకే కనబడుతుంది.

మార్చి 17, ఆదివారం

డాక్టర్ మునీఫ్ పేజీ తయారు చేయించాడు. నీలం నేల, పసుపు అక్షరాలు, మూలన గిరగిర తిరిగే జాడీ. చూస్తే కళ్లు వాంతి చేసుకునేలా ఉంది. అయితే ఆయనకు నచ్చనిది జాడీ కాదు, మా బొమ్మలు.

"ఇవన్నీ ఎదురు నడుస్తున్నాయి లమీస్" అన్నాడు. "మనది అరబిక్ పేజీ. పాఠం కుడి నుంచి ఎడమకి పోతుంటే బాణాలు ఎడమ నుంచి కుడికి పోతాయేంటి? చదివేవాడి మెడ పట్టేస్తుంది."

నిజమే. మేం కెమిస్ట్రీ అంతా అరబిక్‌లోనే చదివాం. బోర్డు మీద మా బాణాలు ఎప్పుడూ ఎడమకే పోతాయి. మదామ్ గీసిన ప్రతి బొమ్మా ఒక వరస: మొక్కలో ఏ పదార్థం దేనిగా మారుతుందో, చివరికి ఏమవుతుందో. ఆ మెకింటాష్‌కి తెలిసిన బాణం ఒకటే, కుడికి పోయేది. కాబట్టి వరసలన్నీ కుడికే పోతాయి.

మదామ్‌ను అడిగాను.

"తిప్పొచ్చు. కానీ బాణాన్ని తిప్పు బిడ్డా, బొమ్మను కాదు. ఒక్కో అణువునూ పట్టుకుని అలాగే ఎత్తి ఆ పక్కన పెట్టు. తర్వాత బాణం గీయి. బొమ్మను మాత్రం తిప్పకు."

ఒక్కోదానికి నలభై నిమిషాలు పట్టింది. రోజంతా కూర్చుంటే తొమ్మిది అయ్యాయి. ఏప్రిల్ పదిహేను దగ్గర్లోనే ఉంది.

మార్చి 19, మంగళవారం

ఇవాళ నేనొక మంత్రం కనిపెట్టాను!

బొమ్మల ప్రోగ్రాంలో "అడ్డంగా తిప్పు" అని ఒక ఆజ్ఞ ఉంది. ఒక్క నొక్కుకి వరస మొత్తం, బాణాలతో సహా, ఎడమకి తిరిగిపోతుంది. అక్షరాలు మాత్రం అద్దంలో చూసినట్టు అవుతాయి. వాటిని తుడిచి మళ్లీ కొట్టాలి. అన్నీ కాదు. O, H అక్షరాలకు ఏ వైపు నుంచి చూసినా ఒకటే రూపం, వాటిని వదిలేయొచ్చు! C, N, అంకెలు మాత్రం దిద్దితే చాలు. మొన్న చేసిన తొమ్మిది పక్కన పడేసి, అవి కూడా ఈ పద్ధతిలోనే మళ్లీ చేశాను, అన్నీ ఒకేలా ఉండాలని. సాయంత్రానికి నలభై బొమ్మలు తిప్పాను. నలభై.

డాక్టర్ మునీఫ్ చూసి, "భేష్! తలకాయంటే ఇదీ" అని నా తల తట్టాడు. ఆ చేతి ఉప్పు జుట్టుకు అంటినట్టే ఉంది. అయినా సంతోషంగా ఉంది.

పొద్దున తోలు చేతితొడుగులు వేసుకుంటూ ఎడమదాన్ని కుడి చేతికి ఎక్కించబోయాను. ఎక్కలేదు. అప్పుడేదో గుర్తుకు రాబోయింది. రాలేదు. ముఖ్యమైనదైతే అదే వస్తుంది.

సాయంత్రం మదామ్ ఫోన్ చేసింది. "ఎలా ఉంది? తిప్పుతున్నావా?"

"ఆ, తిప్పుతున్నాను మదామ్."

"బాణాలనేగా?"

"ఆ."

బాణాలు కూడా తిరిగాయి కదా. అబద్ధం కాదు.

మార్చి 21, గురువారం

ఇవాళ అమ్మల పండుగ, అమ్మకు పూలు ఇచ్చాను. డెబ్బైరెండు బొమ్మలు.

ఏప్రిల్ 4, గురువారం

మూడు వందల పన్నెండు. పూర్తి. మదామ్‌కు చూపించడానికి తీరిక దొరకలేదు. నేలమాళిగలోకి దిగితే గంటసేపు కదలనివ్వదు. టీ అంటుంది, కబుర్లంటుంది. ప్రారంభం రోజు ఎలాగూ చూస్తుంది.

ఏప్రిల్ 15, సోమవారం

ప్రారంభం. పెద్ద గదిలో పెద్ద తెర. డీన్ మీట నొక్కాడు, జాడీ గిరగిర తిరిగింది, అందరూ చప్పట్లు. డాక్టర్ మునీఫ్ పావుగంట మాట్లాడాడు. అందులో "నేను" అన్న మాట ముప్ఫైనాలుగు సార్లు వచ్చింది. లెక్కపెట్టాను. "మేము" ఒక్కసారి, అదీ ఆలస్యానికి క్షమాపణ చెప్పేటప్పుడు.

మదామ్ పేరు ఎక్కడా లేదు. పేజీ అడుగున చిన్న అక్షరాల్లో నేను పెట్టిన ఆవిడ పేరును నిన్న ఎవరో తీసేశారు.

ఆవిడ వెనక వరసలో కూర్చుంది. తెర చాలా దూరం. నా వైపు చూసి చెయ్యి ఊపింది. తెర మీద ఏముందో ఆవిడకు కనబడలేదని నాకు తెలుసు. పళ్లెం నిండా మిఠాయిలు వచ్చాయి, నెయ్యి కారుతూ. డాక్టర్ మునీఫ్ తన చేత్తో ఒకటి నా నోటికి అందించాడు. మింగాను. ఇవాళ్టి మాట వెగటు.

ఏప్రిల్ 21, ఆదివారం

సైటుకు మొదటి ఉత్తరం వచ్చింది. హమా నుంచి, ఎవరో మందుల కొట్టాయన. ఉత్తరాలు తెరిచే పని కూడా నాదే. ఒకే వాక్యం:

"అయ్యా, మీ పుదీనాకు సీమజీలకర్ర వాసన వస్తోంది, కొంచెం చూసుకోండి."

నవ్వాను. ఒంటి మీద చెమట పట్టేదాకా నవ్వాను, తర్వాత ఆగిపోయాను.

అద్దంలో కుడి చెయ్యి చెయ్యిలాగే ఉంటుంది, కానీ ఎడమ చెయ్యి అవుతుంది. అణువులూ అంతే. పుదీనా వాసన ఇచ్చే అణువునే అద్దంలో తిప్పితే అది సీమజీలకర్ర వాసన ఇచ్చే అణువు. ముక్కుకు తెలిసిపోయే తేడా. కొన్నిటిలో అది వాసన తేడా కాదు, మందుకీ మందు కానిదానికీ ఉండే తేడా. రెండో ఏడాదిలో దీని మీదే నాకు ఎనభైఎనిమిది మార్కులు. తొడుగు ఉదాహరణ రాసి అరమార్కు అదనంగా తెచ్చుకున్నాను. తొడుగు!

నేను వాటిని అద్దంలో తిప్పాను. మూడు వందల పన్నెండింటినీ. తిప్పితే తేడా లేనివి వాటిలో అరవైకి మించవు.

సాయంత్రం కిందింట్లో బిడ్డ పుట్టిందని సీమజీలకర్ర పాయసం పంపారు. అమ్మ గిన్నె నా ముందు పెట్టింది. ఆ వాసనకు లేచి వెళ్లి కక్కుకున్నాను.

ఏప్రిల్ 22, సోమవారం

పొద్దున్నే డాక్టర్ మునీఫ్ దగ్గరికి వెళ్లాను, చెప్పేద్దామని. ఆయన అప్పటికే ఉత్తరం చదివాడు. తలుపు మూశాడు.

"భయపడకు. ఆలోచించాను" అన్నాడు. "ముసలావిడ ముందు ట్రేసింగ్ కాగితం మీద గీస్తుంది కదా? కాగితం తిరగేసి పెట్టుకుని గీసుంటుంది. వెనక నుంచి చూస్తే అద్దమే. ఒక కన్ను సరిగా కనబడదు, పాపం. ఎవరైనా నమ్ముతారు."

"డాక్టర్, నేను..."

"నువ్వు ఏమీ చేయలేదు. ఇచ్చినవి తెచ్చి మార్చావు. అంతేనా?"

నేను తిప్పానని ఆయనకు తెలుసు. తల తట్టింది ఆయనే. ఆయన గింజ కొరికాడు.

"సీటు జాబితా ఇరవైతొమ్మిదిన పోతుంది. అదే రోజు పది గంటలకి కమిటీ. ఒక నివేదిక కావాలి. నీ భాష బాగుంటుంది, నువ్వే రాయి."

రాశాను.

"సుదీర్ఘ సేవానంతరం, వయోభారం వలన కలిగిన దృష్టిమాంద్యమే ఈ విపర్యయానికి కారణమని భావించవలసి ఉన్నది." ఈ వాక్యం నాది. రాసి, చదువుకుని, బాగా వచ్చిందని ఒక్క క్షణం సంతోషించాను. విపర్యయం అన్న మాట కోసం తాతయ్య నిఘంటువు తెరిచాను కూడా.

ఆ క్షణాన్ని ఎక్కడ ఉమ్మాలో తెలియడం లేదు.

ఏప్రిల్ 23, మంగళవారం

రాయను.

ఏప్రిల్ 24, బుధవారం

ఇవాళే పిలిపించాడు ఆవిడను. ఏప్రిల్ ఇరవైనాలుగున ఆర్మేనియన్లు 1915 ఊచకోతలో చచ్చిపోయిన తాతముత్తాతల్ని చర్చిలో తలచుకుంటారని ఈ ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. నల్లబట్టల్లో చర్చి నుంచి నేరుగా వచ్చింది. ఒంటికి కొవ్వొత్తి పొగ వాసన.

గదిలో ఆయన, ఉప డీన్, ఆవిడ, రాసుకోవడానికి నేను.

ఉప డీన్ మెత్తగానే అడిగాడు. "మదామ్, కాగితం ఎప్పుడైనా తిరగబడి ఉండొచ్చా?"

"లేదు ఉస్తాద్. నేను అలా చేయడు."

డాక్టర్ మునీఫ్ నవ్వాడు. "విన్నారుగా? ఆడదో మగాడో తేల్చుకోలేని మనిషికి కుడేదో ఎడమేదో ఎలా తెలుస్తుందండీ?"

ఉప డీన్ కూడా నవ్వాడు. పెద్ద నవ్వేం కాదు. మర్యాదకు నవ్వే నవ్వు. నేను కూడా... లేదు, నేను నవ్వలేదు. పెదవులు కదిలాయేమో.

మదామ్ నవ్వలేదు. ఎప్పుడూ ముందుగా నవ్వేది ఆవిడే. తెర మీద పుదీనా బొమ్మ పెట్టారు. దగ్గరికి వెళ్లి ముక్కు ఆనించి చూసింది. చాలాసేపు చూసింది. "తిరగబడి ఉంది" అంది. "ఇది తప్పు."

"గీసింది మీరే కదా?"

"నేనే గీశాడు." తర్వాత, ఎవరితోనూ కాకుండా: "ఏమో. నేనే తిరగేసి పెట్టానేమో."

నా వైపు తిరిగింది. "లమీస్ చూశాడు కదా. నువ్వు మార్చేటప్పుడే ఇలా ఉన్నాయా బిడ్డా?"

నేను చేతిలో కాగితం వైపు చూశాను. కలంలో సిరా ఉంది. రాస్తూ పోయాను. డాక్టర్ మునీఫ్ నా బదులు చెప్పాడు: "ఇలాగే ఉన్నాయి మదామ్. ఆ అమ్మాయి చిన్నపిల్ల, తనకేం తెలుసు?"

నిర్ణయం: మచ్చతోనే రిటైరవుతుంది. పాత డిస్కులన్నీ తప్పులే కాబట్టి చెరిపేయాలి. పాత మెకింటాష్‌ను తుక్కుకి పంపాలి. బొమ్మలు మొదటి నుంచి మళ్లీ గీయించాలి. సోమవారం కమిటీ సంతకం పెడితే ఖాయం.

ఏవగింపు. దీన్ని ఆయన కోసం దాచి పెట్టుకున్నాను. ఇవాళ ఆయనకు సరిపోయింది, కానీ సగం మిగిలిపోయింది.

ఏప్రిల్ 25, గురువారం

నేను అడ్డంగా తిప్పినవాటిని మళ్లీ అడ్డంగా తిప్పితే సరైపోతాయి. ఒక్క నొక్కు. డాక్టర్ మునీఫ్‌తో అన్నాను. "తెలుసు" అన్నాడు. "అలా చేస్తే తప్పు ఎక్కడ జరిగిందో కూడా తెలిసిపోతుంది."

ఏప్రిల్ 27, శనివారం

మదామ్ కబురు పంపింది, ఇంటికి రమ్మని. వెళ్లకూడదనుకున్నాను. వెళ్లాను.

మీదాన్‌లో మూడో అంతస్తు. పంజరంలో పసుపు పిట్ట ఉంది. దానితో అంది: "లే, లే, లమీస్ వచ్చాడు." గొంతులో నవ్వు లేదు. అయినా అంది.

బల్ల నిండా ట్రేసింగ్ కాగితాలు. పదమూడేళ్లవి, ఏడాదికొక దారం కట్టి.

"రెండు రోజులుగా చూస్తున్నాను" అంది. "ఒక్కోటి కిటికీకి ఆనించి. పుదీనా కూడా చూశాను. నా కంటికి సరిగ్గానే కనబడుతోంది బిడ్డా."

"మదామ్..."

"అంటే నా కన్నే తప్పు చూస్తోందన్నమాట. అవునా? వాళ్లంతా చదువుకున్నవాళ్లు. ఇద్దరూ తిరగబడింది అన్నారు, తెర మీద నేనూ చూశాను. కాగితం మీద సరిగ్గా కనబడుతోంది, తెర మీద తప్పుగా కనబడుతోంది. రెండూ నేను గీసినవే. అయితే తేడా ఎక్కడుంది? నాలోనే ఉండాలి కదా."

పుదీనా కాగితాన్ని నా చేతికిచ్చింది. కింది కుడి మూల ఆవిడ సంతకం, ఆర్మేనియన్ అక్షరాల్లో. ఆ అక్షరాలు నాకు చదవరావు. కానీ సంతకం మీద పెన్సిలు నొక్కిన వైపు వేలికి తెలుస్తుంది, గాడిలా. ఆ వైపు నుంచి చూశాను. బొమ్మ సరిగ్గా ఉంది. నల్ల చీల సరైన వైపే ఉంది. పన్నెండు చూశాను. అన్నిటిమీదా సంతకం ఉంది, అన్నీ సరిగ్గా ఉన్నాయి. సంతకం పెట్టిన కాగితాన్ని తిరగేసుకుని ఎవరూ గీయరు.

"ఇవి తీసుకుపో" అంది. "నువ్వే ఎక్కడైనా పారేయ్. నా చేత్తో నేను పారేయలేను. కావాలంటే నీ దగ్గర ఒక్కటి ఉంచుకో, మంచిది. తప్పుదైనా సరే, గీత శుభ్రంగా ఉంటుంది."

నేను చెప్పాలి. నోరు తెరిచాను. అప్పుడే టీ గ్లాసు నా ముందు పెట్టింది. పుదీనా రెమ్మ, పక్కన నాకిష్టమని రెండు చెంచాల చక్కెర. గుర్తుపెట్టుకుంది. ఆ టీ తాగిన నోటితో ఎలా చెప్పడం? తాగాను. బాగుంది అన్నాను. కాగితాల కట్టలు రెండు సంచుల్లో పెట్టుకుని మెట్లు దిగాను. దారి పొడవునా నా చేతులకు పుదీనా వాసన. కడిగినా పోలేదు.

నిఘంటువులో వెతికాను. ఆయన మీద కలిగేదానికి మాటలున్నాయి. నా మీద నాకు కలిగేదానికి ఒక్కటీ సరిపోలేదు. అన్నీ బయట ఉన్నవాటిని చూసి ముక్కు మూసుకోవడానికే.

ఏప్రిల్ 28, ఆదివారం

మధ్యాహ్నం డాక్టర్ మునీఫ్ డిస్కుల పెట్టె నా ముందు పెట్టాడు.

"రేపు కమిటీ పదింటికి. నువ్వు తొమ్మిదికే వచ్చి ఇవన్నీ ఒక్కోటిగా పెట్టు. మన కంప్యూటర్ అదే అడుగుతుంది, ఫార్మాట్ చేయమంటారా అని. అవునని నొక్కుతూ పో. అయ్యాక నీ సీటు కాగితం మీద నా సంతకం. పొడుగ్గా ఏమీ అవసరం లేదు, నొక్కడమే." గింజల గుప్పెడు నా వైపు చాపాడు. "తీసుకో."

తీసుకోలేదు. ఆయన గమనించలేదు. నేను తీసుకోకపోవచ్చని ఆయనకు తట్టదు, ఇంతవరకూ ఎప్పుడూ తీసుకున్నాను కాబట్టి.

పెట్టెను సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చాను. ఎవరూ అడగలేదు. చెరిపేసేది నేనే కదా.

ఇప్పుడు నా బల్ల మీద మూడున్నాయి. డిస్కులు. ట్రేసింగ్ కాగితాలు. ఈ నోటుబుక్కు.

మొదటి రెండూ చాలవు. డిస్కులో బొమ్మలు సరిగ్గా ఉన్నాయని చూపిస్తే, మదామ్ తర్వాత దిద్దుకుందంటాడు. కాగితాలు చూపిస్తే, సంతకం తర్వాత పెట్టిందంటాడు. అడ్డంగా తిప్పింది ఎవరో, ఏ రోజో, ఎన్ని బొమ్మలో రాసి ఉన్న చోటు ఒక్కటే. మార్చి 19. "సాయంత్రానికి నలభై బొమ్మలు తిప్పాను. నలభై." నా చేతిరాత. రెండు రకాల సిరా, తేదీలు, అమ్మకు ఇచ్చిన పూలు. ఇంత తెలివితక్కువ సంతోషాన్ని ఎవరూ తర్వాత కల్పించి రాయరు.

ఆ పేజీ ఒక్కటి కత్తిరించుకుపోదామనుకున్నాను. బ్లేడు కూడా తీశాను. ముందు పేజీలో "బాణాన్ని తిప్పు బిడ్డా, బొమ్మను కాదు" అని ఉంది. వెనక "బాణాలు కూడా తిరిగాయి కదా, అబద్ధం కాదు" అని ఉంది. ముందుదీ వెనకదీ లేకుండా మధ్యది ఇస్తే అది కూడా తిప్పిన బొమ్మే అవుతుంది. ఆయన రాయమన్న వాక్యం ఉన్న పేజీ, నేను సంతోషించిన క్షణం ఉన్న పేజీ, పెదవులు కదిలాయేమోనన్న పేజీ, అన్నీ ఇందులోనే ఉన్నాయి. నాకోసం మాత్రమే రాసుకున్నవి. ఉప డీన్ చదువుతాడు. డాక్టర్ మునీఫ్ ముప్ఫైనాలుగు "నేను"ల దగ్గరికి వచ్చేసరికి ఏ ముఖం పెడతాడో.

పై చదువు సీటు పోతుంది. రాసి చూసుకున్నాను, ఎలా కనబడుతుందోనని. కనబడుతోంది.

బ్లేడు లోపల పెట్టేశాను.

రేపు. ఆరున్నరకి లేవాలి. నోటుబుక్కు, డిస్కులు, పుదీనా కాగితం ఒకే సంచిలో. మిగతా కాగితాలు అమ్మ బీరువాలో, తాళం వేసి. ఏడింటికి మీదాన్ బస్సు. కమిటీ కంటే ముందు ఆవిడకు తెలియాలి, నా నోటితోనే. తలుపు తీయగానే చెప్పాలి, గుమ్మంలో నిలబడే. పిట్టతో "లమీస్ వచ్చాడు" అనకముందే, టీ నీళ్లు పెట్టకముందే: మీ కన్ను సరిగ్గానే చూసింది మదామ్, తిప్పింది నేను.

తర్వాత ఆవిడ రమ్మంటే ఇద్దరం, రమ్మనకపోతే నేనొక్కదాన్నే, పదింటికి కమిటీ గది.